చింతమిట్టను మ్యాపులో పెట్టిన మనిషి

మా పెదనాయన పోయాడన్న కబురు నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. తిరుపతిలో పొద్దున్నే నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతూ వాట్సాప్ తెరిస్తే మా ఇంటివాళ్ళ గ్రూపులో ఆయన ఫోటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద 'సాయంత్రం ఎత్తుతారు' అని ఒక ముక్క, దాని కింద దారి చూపించే లింకు. పెట్టింది ఆయన కొడుకు, మా అన్న. అది ఏ మ్యాపు లింకనుకున్నారు? ఆయన చివరి ఏళ్ళన్నీ ఏ కంపెనీ మ్యాపుతో పోట్లాడాడో ఆ మ్యాపుదే. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నాకు ఒళ్ళు మండింది.

ఆ లింకును నమ్ముకుని చెన్నై నుంచి వచ్చిన చుట్టాల కార్లు మా ఊరికి రానేలేదు. ఊరికి ముందే, రంగు జెండాలు పాతిన ఒక ప్లాట్ల వెంచర్ ఆర్చి ముందు ఆగాయి. చావింటికని వచ్చినవాళ్ళ చేతుల్లో గేటు దగ్గరి మనిషి ప్లాట్ల కాగితాలు పెట్టాడట. మా పెదనాయన విని ఉంటే పాడె మీద నుంచి లేచి తిట్టేవాడు. ఊరికే అనడం లేదు, ఆయన తిట్లు తిన్నవాళ్ళకు తెలుసు.

ఆయన శ్రీకాళహస్తి బస్టాండులో కంట్రోలర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో మైకులో చెప్పే గొంతు ఆయనదే. రిటైరయ్యాక కూడా ఆ గొంతు తగ్గలేదు. అన్నానికి పిలిచినా మా పేర్లన్నీ వరసబెట్టి, చివరి పేరును కాస్త సాగదీసి పిలిచేవాడు. మెతక మనిషి కాదు. గర్వం మెండు. వీధిలో ఆయనతో మాట పట్టింపు లేని ఇల్లు లేదు. ఆయన్ను దేవుణ్ణి చేయడానికి నేనిది రాయడం లేదు. ముసలితనంలో ఒక మంచి పని చేశాడు, మావాళ్ళు దాని మీద మన్ను పోశారు, అది చెప్పడానికి రాస్తున్నాను.

"ఊరి పేరు మైకులో పలకాల పాపా. పలక్కపోతే ఆ ఊరోళ్ళు ఈ బస్సు మాది కాదనుకుంటారు," అనేవాడు. నన్ను పెళ్ళయ్యాక కూడా పాపా అనే పిలిచాడు.

మా కాలేజీ పిల్లలు ఒకసారి, జనమే గీసుకునే మ్యాపు మీద శిక్షణ పెట్టారు. అది ఏ కంపెనీదీ కాదు. ఎవరైనా ఫోన్లో ఖాతా తెరిచి తమ ఊరి దారులు, బడి, బోరింగు గీయొచ్చు, పేర్లు రాయొచ్చు. ఎవరైనా వాడుకోవచ్చు. ఈ మాట పెదనాయనకు నోరు జారి చెప్పాను, అంతే. ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"అంటే మా ఊరు నేనే గీసుకోవచ్చు. ఎవుడి పర్మిషనూ అక్కర్లా?"

"అక్కర్లేదు సార్."

"తప్పు గీస్తే?"

"ఇంకొకరు దిద్దుతారు సార్."

"దిద్దేవోడు దొంగయితే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ పిల్లలంతా సర్టిఫికెట్లు తీసుకుని ఉద్యోగాలకు పోయారు. వాళ్ళను తప్పు పట్టను. ఫోన్ కొన్నప్పుడే అందులో కంపెనీ మ్యాపు కూర్చుని ఉంటే ఇంకో మ్యాపు కోసం ఎవరు వెతుకుతారు? మా చుట్టుపక్కల ఈ పని పట్టుకుని వేలాడింది మా పెదనాయన ఒక్కడే. ఆదివారం వస్తే నా స్కూటీ వెనక ఎక్కేవాడు. ఊళ్ళోకి పోగానే ఎదురొచ్చిన మనిషిని ఆపి ఆ చోటు పేరు అడిగేవాడు. వాళ్ళు చెప్పింది తిరిగి మైకు గొంతుతో పలికేవాడు. "ఔ, అదే," అని వాళ్ళు అన్నాకే ఫోన్లో రాసేవాడు. ఎంత తెలిసిన ఊరైనా ఇదే పద్ధతి.

ఒక్క చోట తప్ప. మా ఊరికి కూతవేటు దూరంలో, తారురోడ్డుకూ ఆ వెంచర్‌కూ మధ్య ఒక పల్లె ఉంది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన చోటు, అడిగేదేముంది అనుకున్నాడు. కులం పేరు పెట్టి మావాళ్ళు ఆ పల్లెను ఏమని పిలుస్తారో అదే రాసేశాడు. ఆ పేరు నేనిక్కడ రాయను.

కొన్నాళ్ళకు ఆ దారిన పోతుంటే ఒకామె స్కూటీకి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆ పల్లెలో ఉండే మనిషే. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. ఒంటి మీద కంపెనీ యూనిఫాం ఉంది.

"సార్, మ్యాపులో మా ఇండ్లు గీసింది మీరేనంట?"

మెచ్చుకుంటుందనుకుని ఆయన చొక్కా సర్దుకున్నాడు. "నేనేనమ్మా."

"పేరు రాసింది?"

"అదీ నేనే."

"బస్టాండులో మైకులో అరిసిందీ మీరే కద సార్. ఇంటరు సదివేటప్పుడు రోజూ ఇనేదాన్ని. ఆ పేరు మీరు పలికితే నేను లేసి బస్సెక్కాల. బస్టాండంతా నన్నే సూస్తాదని స్తంభం ఎనకాల నిలబడి, బస్సు కదిలినాక ఉరికి ఎక్కేదాన్ని. ఇప్పుడు ఫోన్లోనూ అదే పెట్టినారు. మీకేం పాపం సేసినాం సార్?"

ఎవరేమన్నా రెండు మాటలు ఎక్కువే తిరిగి ఇచ్చే మనిషి, స్కూటీ దిగి నిలబడ్డాడు.

"మీరేమంటారమ్మా మీ ఊర్ని?"

"చింతమిట్ట."

"ఎప్పట్నుంచి?"

"మా అవ్వకి తెలివొచ్చినప్పట్నుంచి. మీరెవురూ అడగలా."

ఆయన ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. "నువ్వే రాయమ్మా. నా సేత్తో వద్దు." ఆమె పాత పేరు చెరిపి కొత్తది రాసి తిరిగి ఇచ్చింది. ఆయన ఆ మిట్ట మీద నిలబడి, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చేంత గట్టిగా "చింతమిట్ట" అని పలికాడు. ఆమె నవ్వలేదు. క్షమించినట్టూ లేదు. ఎందుకు క్షమించాలి? తలకాయ ఊపి పనికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి గడప దగ్గర చెప్పులు విడుస్తూ అన్నాడు: "ఇన్నేండ్లు మైకులో ఆ బిడ్డని తిడతా ఉండినాను పాపా. జీతం తీసుకోని మరీ తిట్టినాను."

ఆ తర్వాత కంపెనీ మ్యాపు మీద పడ్డాడు. అందులో చింతమిట్ట లేదు. ఇళ్ళు లేవు, దారి లేదు, అంతా ఖాళీ నేల. ఆ దారి లేకపోబట్టే ఫ్యాక్టరీ బస్సు లోపలికి రాదు, ఆడపిల్లల్ని చీకట్లో తారురోడ్డు మీదే దించేసి పోతుంది. అంబులెన్సుదీ అదే కథ. ఆ పల్లెవాళ్ళు చెప్పి చూశారట. ఫోన్లో దారి లేదమ్మా అంటాడట డ్రైవరు, కళ్ళెదురుగా దారి పెట్టుకుని! మా పెదనాయన ఎన్నిసార్లు సూచన పంపినా ఒకటే జవాబు: మీ సూచనను నిర్ధారించలేకపోయాము. ఆ జవాబు చదివి మళ్ళీ పంపేవాడు. అదే మ్యాపులో వెంచర్ పేరు మాత్రం రంగు గుర్తుతో సహా వచ్చి కూర్చుంది, నిండా గడ్డి తప్ప ఒక్క ఇల్లు లేని చోట.

"కంపెనీ మ్యాపులో అంగడికి పేరుంటాది, మనిషికి ఉండదు. కొనేటోడే వాళ్ళకు మనిషి," అన్నాడు.

పోనీ, జనం మ్యాపులోనైనా మిగిలిందా? లేదు. కొన్ని రోజులకు చింతమిట్ట మాయమైంది. పేరే కాదు, ఇళ్ళూ దారీ అన్నీ. ఆయన మళ్ళీ గీశాడు. మళ్ళీ పోయింది. ఎవరు చెరిపినా ఆ ఖాతా పేరు మ్యాపులో కనిపిస్తుంది. ఆయన చూశాడు. మరునాడు టిఫిన్ల దగ్గర, నేను అక్కడే ఉన్నాను, కొడుకును నిలదీశాడు.

"చెరిపింది నువ్వే కదరా?"

మా అన్న ఆ వెంచర్‌లో భాగస్తుడు. దోసె తుంచుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "చెన్నై పార్టీలు వస్తా ఉండారు నాయనా. పక్కనే ఆ పల్లె ఉండాదని తెలిస్తే అడ్వాన్సు ఎనక్కి అడగతారు. అయినా నీ మ్యాపు ఎవుడు సూస్తాడు?"

"ఎవుడూ సూడకపోతే ఎందుకు చెరిపితివి?"

మా అన్న చెయ్యి కడుక్కుని బండెక్కి వెళ్ళిపోయాడు. మా పెదనాయన ఆ దోసె ప్లేటును అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి కొడుకు చెరపడం, తండ్రి గీయడం. ఒకే కప్పు కింద, ఎదురెదురు గదుల్లో, ఇద్దరి చేతుల్లో రెండు ఫోన్లు. నాకు అన్న మీద ఎంత కోపమో ఆ మ్యాపు మీదా అంత కోపం వచ్చింది. తలుపు తీసిపెట్టాం, ఎవరైనా రండి అంటారు. సరే. వచ్చినవాడు గునపం తెస్తే కాపలా ఎవరు? గుండె జబ్బున్న ఒక్క ముసలాయనా?

ఒక పొద్దున కాఫీ తాగి పడకకుర్చీలో వాలినవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు.

కర్మక్రియల నాడు జనం బాగానే వచ్చారు. పెద్దమ్మ దగ్గర కూర్చుని ఎందుకో ఆ మ్యాపు తెరిచాను. చింతమిట్ట లేదు. చెరిపిన ఖాతా మా అన్నదే. తండ్రి పోయిన నాలుగో రోజే చెరిపాడు. పక్కన కారణం కూడా రాశాడు: నేల మీద బోర్డు లేదు, పైనుంచి ఉపగ్రహం తీసిన ఫోటోలో పేరు లేదు. నేల మీద కనిపించేదే రాయాలన్నది ఆ మ్యాపు నియమం. దొంగకు అది బాగా దొరికింది.

మా అన్న గుండు చేయించుకుని పిండాల ముందు నుంచి లేచి వస్తున్నాడు. వాకిట్లోనే పట్టుకున్నాను.

"సిగ్గు లేదా అన్నా? కర్మ అయ్యేదాకన్నా ఆగలేకపోతివా?"

"అరవొద్దు. అందరూ సూస్తా ఉండారు."

"సూడనీ!"

ఎవరో పెద్దాయన నన్ను పక్కకు లాగబోయాడు. పెద్దమ్మ అడ్డం పడింది. "ఇడిసిపెట్టప్పా, అరవనీ. ఆయప్ప ఉండుంటే ఇంకా గట్టిగా అరిసుంటాడు." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను విస్తరి ముందు కూర్చోలేదు. స్కూటీ తీసి చింతమిట్టకు పోయాను. మళ్ళీ గీస్తానని చెప్పాలి, ఇంకేం చెప్పాలో తెలియలేదు. మిట్ట ఎక్కగానే ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె ఇంటి ముందు నిచ్చెన కనిపించింది. ఆమె మిద్దె మీద ఉంది. కంపెనీకి సెలవు పెట్టిందట. పైకి రమ్మని చెయ్యి ఊపింది.

మిద్దె నిండా తెల్ల పెయింటు. ఒక్కో అక్షరం మంచమంత ఉంది. 'చింత' రాసేసరికే ఆమె మిద్దె మీద చోటు అయిపోయింది. పక్కింటి మిద్దె మీద ఇద్దరు ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని 'మిట్ట' రాస్తున్నారు. వత్తు గోడ అంచు దాకా పోయి వంకరగా తిరిగింది.

"సార్ పోయినాక నేను రాసినా అక్కా, నా ఖాతాతో. తీసేసినారు. ఫోటోలో పేరు ల్యాదంట," అంది, బ్రష్షు డబ్బాలో ముంచుతూ. "ఫోటోలో కావాల కద. సరే, ఫోటోకే రాస్తాం."

ఎండకు పెయింటు మెరిసి కళ్ళు జిగేల్మన్నాయి. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని ఆకాశం వైపు చూసింది.

"ఆ ఫోటో మళ్ళా ఎప్పుడు తీస్తారక్కా?"

"తెలీదమ్మా. సంవత్సరం పట్టొచ్చు. రెండేళ్ళూ పట్టొచ్చు."

"వానకి పోతాదేమో అంతలోకి," అని, పక్క మిద్దె మీది వాళ్ళకు వినపడేలా కేకేసింది. "ఇంగో కోటింగ్ ఎయ్యాలంట!"