తాత కాళ్లు కట్టిన రోజు

తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా ఉంటే చేసే పనిలో తప్పు రాదని నమ్మిన రోజులవి. నరసరావుపేటలో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. క్లాసు నిండా అమ్మాయిలు, చివరి బెంచీలో మేం కొద్దిమంది మగపిల్లలం. మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో పనిచేసే మా నాన్న, ‘మీవాడు ఏం చదువుతున్నాడు’ అని ఎవరైనా అడిగితే ‘బీఎస్సీ’ అని అక్కడితో ఆపేసేవాడు. (ఇంకో ప్రశ్న వచ్చేలోపే బీడీ వెలిగించుకుని పక్కకు వెళ్లిపోయేవాడని అమ్మ చెప్పి నవ్వేది.) ఆయన్ని నేనేమీ తప్పుపట్టలేదు. బస్సులో పక్కసీటాయన అడిగితే నేను కూడా ‘మెడికల్ లైన్’ అనే చెప్పేవాణ్ణి. సాటిమనిషిని తుడిచి, తిప్పి పడుకోబెట్టి, ముద్ద పెట్టే పని గురించి పుస్తకంలో ఎంత గొప్పగా రాసి ఉన్నా, బస్సులో చెప్పుకోవడానికి నోరు రాని వయసు అది.

మూడో ఏడాదిలో కమ్యూనిటీ పోస్టింగ్ అని ఒకటుంటుంది. కాలేజీ బస్సు పొద్దున్నే మమ్మల్ని రొంపిచెర్ల దాటాక ఒక ఊళ్లో దించేసి, సాయంత్రం ఎక్కించుకునేది. ఒక్కొక్కరం ఒక్కో కుటుంబాన్ని దత్తత తీసుకోవాలి. దత్తత అని పేరేగానీ, మజ్జిగ పోసేదీ, ఎండలో తిరగొద్దని తిట్టేదీ వాళ్లే. బస్సు దిగేముందు మా మేడం రోజూ ఒకటే మాట చెప్పేది: “ఏ ప్రొసీజరైనా మొదలుపెట్టే ముందు, ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో పేషెంటుకీ రిలేటివ్స్‌కీ చెప్పండి.” ఆ మాట నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది. అలా రావడమే నా కొంప ముంచింది.

నా వంతుకు వచ్చిన ఇంట్లో ఇద్దరే మనుషులు, తాత, మామ్మ. తాతకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఉన్న ఒక్క కూతురూ వినుకొండలో కాపురం, వీలున్నప్పుడు వచ్చి వెళ్లేది. ఒకప్పుడు బస్తా మిరపకాయలు ఒంటిచేత్తో బండికెత్తిన మనిషంట తాత. నేను వెళ్లేసరికి నులకమంచం గుంటలో కూరుకుపోయి, పైకప్పు వంక చూస్తూ పడి ఉండేవాడు. మామ్మ నన్ను మొదటిరోజు పైనుంచి కిందిదాకా చూసి, “సిస్టరమ్మ వస్తదన్నారే, నువ్వెవరు నాయనా?” అంది. నేనే వచ్చానని చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే సిస్టరబ్బాయివా,” అంది. ఆ పేరు సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. (ఇప్పటికీ ఆ దారిలో బస్సు ఆగితే నాకు కొంచెం బెరుకే.)

రోజూ తాతకు ఒళ్లు తుడవడం, చచ్చుబడిన చెయ్యీ కాలూ వంచి చాచడం, చంకకింద చెయ్యేసి లేపి కూర్చోబెట్టడం నా పని. మొదట్లో మూతి తిప్పుకునేవాడు. తర్వాత నా అడుగుల చప్పుడు వినగానే ఎడమచెయ్యి మంచంపట్టీ మీదికి తెచ్చిపెట్టుకునేవాడు. వీధి గుమ్మం దాకా తీసుకెళ్లి అక్కడ కుర్చీలో కూర్చోబెట్టాలని నా పట్టుదల. కానీ పోస్టింగ్ అయిపోవచ్చింది. రోజుకు రెండుపూటలా లేపి కూర్చోబెట్టకపోతే వీపు పుళ్లు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, ఆ తర్వాత పుస్తకంలో రాసినవన్నీ వరసగా వస్తాయి. మామ్మ ఒక్కతే లేపలేదు. లేపబోయి ఒకసారి తానే ఆయన మీద పడింది.

“నేను పోయినాక ఎవరు లేపుతారు మామ్మా?” అని అడిగాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, వీధికి అవతలున్న ఇంటి వైపు గడ్డం చూపించింది. “తోడబుట్టినోడున్నాడు గదా ఆడ. దున్నలాగున్నాడు. పంచాయతీ ఎలచ్చన్లప్పుడు వీళ్లిద్దరూ చెరో పక్కన జేరి అరుచుకున్నారు. నీ చావుకి తప్ప నీ గడప తొక్కనని ఈదిలో నిలబడి అన్నాడు నా మరిది. ఆ మాట మీదే ఉన్నాడు. నోరు పడిపోయిందని తెలిసినా రాలా.”

ఆ తమ్ముణ్ణి, చిన్నతాతను, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. తమ అరుగు మీద కూర్చుని, మేం ఏం చేస్తున్నామో ఓరగా చూసి, నేను చూడగానే గేదె వంక తిరిగేవాడు. ఒకసారి ధైర్యం చేసి వెళ్లి, కొంచెం చెయ్యి సాయం పట్టమని అడిగాను. “మీ చదువులో మాట మీద నిలబడటం నేర్పరా?” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది నాకు. మాట అనేశాక వెనక్కి తీసుకోవడం మా పల్నాడులో అంత తేలిక కాదు. పంతం పట్టినవాడికి నిద్ర పట్టకపోయినా పంతానిదే పైచెయ్యి.

పోస్టింగ్ ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం. నులకమంచం గుంటలో వ్యాయామం సరిగ్గా కుదరడం లేదని నాకు కొత్త ఆలోచన వచ్చింది. గట్టిగా, చదునుగా ఉన్న చోట పడుకోబెట్టాలని పుస్తకంలో ఉంది కదా! వసారాలో నేల తుడిచి, చాప పరిచి, తాతను మంచం మీదనుంచి కిందికి దించాను. చచ్చుబడిన పాదం పక్కకు వాలిపోకుండా చెక్క ఆన్చి పెట్టాలి. ఇంట్లో చెక్క లేదు. అందుకని మామ్మ పాతపంచె చింపి ఇస్తే, ఆ పాదాన్ని బాగున్న పాదానికి చేర్చి కట్టాను. మర్యాదగా ఉండాలని మెడదాకా తెల్లదుప్పటి కప్పాను. మింగడం ఎలా ఉందో చూడటానికి తల ఎత్తిపట్టి చెంచాతో నీళ్లు పోశాను. ఆ నీళ్లలో దగ్గుకు మంచిదని మామ్మ అప్పటికే తులసాకులు వేసి ఉంచింది. ఇదంతా ఎందుకు చేస్తున్నానో తాతకు చెప్పాను, మామ్మకు చెప్పాను. మేడం ఉంటే నిండా మార్కులు వేసేది. వ్యాయామం అలసటకు తాత నోరు తెరుచుకుని కన్ను మూశాడు. అంటే నిద్రపోయాడు. మామ్మ వంటింట్లోకి వెళ్లి పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెట్టింది. నేను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. (చేతులు కడగడానికే మాకు బోలెడన్ని స్టెప్పులు నేర్పారు. ఒక్కటీ వదల్లేదు.)

సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్ని తోడు మజ్జిగ కోసం వచ్చింది. ఊళ్లో ఆవిడకు మైకు పిన్ని అని పేరు. వసారాలో చూస్తే మనిషి మంచం మీదనుంచి నేల మీదికి దిగి ఉన్నాడు, మెడదాకా తెల్లదుప్పటి, కాళ్లు రెండూ కలిపి కట్టి ఉన్నాయి, తల పక్కన తులసినీళ్ల చెంచా, లోపలినుంచి మామ్మ ముక్కు చీదుతున్న చప్పుడు. మా వైపు ప్రాణం పోయేముందు మనిషిని మంచం దించుతారు, తులసినీళ్లు పోస్తారు, పోయాక కాళ్లు కడతారు. చదువుకోకపోయినా ఆ ప్రొసీజర్ మైకు పిన్నికి బాగా తెలుసు.

“పెద్దాయన ఎల్లిపోయాడమ్మో!”

మామ్మ మిరపకాయల ఘాటుకు ఎర్రబడ్డ కళ్లతో బయటికి వచ్చింది. ఏడుస్తున్న పిన్నిని చూసింది, నేల మీద కదలకుండా ఉన్న భర్తను చూసింది. “ఇప్పుడే గదయ్యా కారం తక్కువెయ్యమని సైగ జేశావు!” అని కూలబడిపోయింది. సబ్బు నురగ చేతులతో నేను పరుగెత్తుకొచ్చేసరికి వసారా నిండిపోయింది. “బతికే ఉన్నాడండీ” అని అరిచాను. ఎవరో పెద్దమనిషి నన్ను గుండెలకు హత్తుకుని, “దగ్గరుండి జూసుకున్నావు, నీ ఋణం ఉంచుకోలేదులే, ఊరుకో” అని ఓదార్చాడు. ఆయన చంకలోంచి తల బయటికి తీసి మళ్లీ అరిచాను. ‘పాపం, మనసు ఒప్పుకోవడంలా’ అన్నారు. ఇంకెవరో ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టేశారు. ఆ చూపుడు వేళ్ల వేగం చూశాక నాకే అనుమానం వచ్చింది. నా వ్యాయామం వల్లే పెద్దప్రాణానికి ఏమైనా అయిందా అని. నాడి చూద్దామంటే జనం దారి ఇవ్వలేదు.

అంతలో ఆ గోలంతా ఒక్కసారిగా ఆగిపోయింది. గుమ్మం బయట చిన్నతాత నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు లేదు, చొక్కా లేదు, ఉన్నవాడు ఉన్నట్టే వచ్చినట్టున్నాడు. చెప్పులు విడిచి, గడప వంక చూశాడు. జనం పక్కకు జరిగారు. ఆయన గడప దాటాడు. దాటడమే ఆలస్యం, అన్న గుండెల మీద పడిపోయాడు.

“అన్నాయ్! ఒక్క మాట అనకుండా పోయావా? ఒరేయ్ అని పిలిస్తే రానా? ఒక్కసారి పిలవలేకపోయావా అన్నాయ్!”

పిలవడానికి ఆయనకు నోరే లేదని ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు. నాకు వచ్చింది. అంత బరువు మీద పడేసరికి తాతకు మెలకువ వచ్చింది. కళ్లు తెరిచి, తన మీద పడి ఏడుస్తున్న తలను చూశాడు. చుట్టూ ఉన్న మమ్మల్నందరినీ చూశాడు. తర్వాత ఎడమచెయ్యి మెల్లగా దుప్పట్లోంచి బయటికి వచ్చి తమ్ముడి భుజాన్ని పట్టుకుంది.

మైకు పిన్ని ఈసారి మరీ గట్టిగా కేక వేసి గేటు దాకా పరుగెత్తింది. చిన్నతాత తలెత్తాడు. అన్న కళ్లూ ఆయన కళ్లూ కలిశాయి. సిగ్గుతో మొహం నల్లబడి, లేచి వెళ్లిపోబోయాడు. భుజం మీది చెయ్యి వదల్లేదు. విడిపించుకోబోయాడు, ఆ ముసలి వేళ్లు ఇంకా బిగిశాయి. (ఎడమచేతి పట్టు మామూలుగా ఉంది అని నాలోని విద్యార్థి మనసులో రాసుకున్నాడు. ఛీ అనుకున్నాను.) అప్పుడు నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలివి, కళ్లు తుడుచుకుని ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను.

“చిన్నతాతా, ఎట్టాగూ పట్టుకునే ఉన్నారు గదా. అటుపక్క చంకలో చెయ్యెయ్యండి. నడుం వంచకుండా మోకాళ్ల మీద బలం పెట్టి లేపాలి. ఇప్పుడు ఏం చేస్తున్నామంటే...”

“చెప్పటం ఆపి కాళ్లకట్టు ఇప్పరా ముందు!” అని కసిరాడాయన, ఏడుపూ కోపమూ కలిసిపోయి.

కట్టు విప్పాను. ఇద్దరం కలిసి లేపాం. తాత వీధి గుమ్మంలో కుర్చీలో కూర్చున్నాడు. దండలు పట్టుకుని వచ్చిన వాళ్లకు ఆ దండలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి అవి చిన్నతాత గేదెకు పోయాయి. ఐస్ బాక్సు ఆటో కూడా నరసరావుపేట నుంచి వచ్చింది. ఆ డ్రైవర్ కుర్చీలో ఉన్న తాతనే “బాడీ యాడుంది పెద్దాయనా?” అని అడిగాడు. పక్షవాతం తర్వాత తాత నవ్వడం అదే మొదలు. మూతి ఒక పక్కకే వెళ్లింది, అయినా అది నవ్వే.

సాయంత్రం చిన్నతాత ఇంటికి పోతే, ఆయన భార్య గుమ్మంలో బిందెతో అడ్డం నిలబడింది. చావింటికి వెళ్లొచ్చినవాడు నీళ్లు పోసుకోకుండా లోపలికి రాకూడదని. చావే జరగలేదు కదా అని ఆయన. ఏడ్చి వచ్చావు కదా అని ఆమె. వీధంతా రెండు పక్కలుగా చీలి వాదించింది. (ఎలక్షన్లలో చీలినట్టు మాత్రం కాదు, ఈసారి పార్టీలు కలగాపులగమయ్యాయి.) ఆఖరికి ఆయన నీళ్లు పోసుకున్నాడు, మర్నాడు పొద్దున్నే మళ్లీ గడప దాటాడు. అరుగు మీద ఎవరో నవ్వితే, “చావుకొస్తానన్నా, వచ్చా. ఆయన చావకపోతే నా తప్పా?” అన్నాడు.

మేడం విషయం తెలిసి నన్ను పిలిపించింది. చీవాట్లు తప్పవనుకున్నాను. “రిలేటివ్స్‌కి చెప్పానన్నావు. ఈ ఊళ్లో రిలేటివ్స్ అంటే ఎవరనుకున్నావు బాబూ? వీధంతా,” అని మాత్రం అంది. నేను వెళ్లిపోతున్న రోజు అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో పక్కపక్కన కూర్చున్నారు. ఒకాయనకు మాట లేదు, రెండో ఆయనకు ఏం మాట్లాడాలో తెలియదు. ఆ మౌనం బాగానే ఉన్నట్టు కనిపించింది.

ఇప్పుడు నేను పెదకూరపాడు దగ్గర ఒక పల్లెలో హెల్త్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. తాత ఆ తర్వాత చాన్నాళ్లే బతికాడు. వీపున ఒక్క పుండు పడలేదు. ఈమధ్యే మామ్మ ఫోన్ చేస్తే వెళ్లాను. అదే వసారా, అదే చోట చాప, తెల్లదుప్పటి. చిన్నతాత అన్న కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. నన్ను చూసి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“సిస్టరబ్బాయ్, కాళ్లు నేనే కట్టా,” అన్నాడు. దుప్పటి అంచు సర్ది, “అయినా నువ్వొకసారి చూడు నాయనా,” అన్నాడు.

చూడటానికి ఏమీ లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా తాత ఎడమచెయ్యి నా చేతిలోకి తీసుకుని, నేర్పినట్టే మణికట్టు మీద వేళ్లుంచి, చాలాసేపు చూశాను. ఏం చేస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. వసారాలో ఉన్న వీధంతా ఊపిరి బిగబట్టి నా మొహం వంకే చూసింది. చెయ్యి మెల్లగా దుప్పటి కింద పెట్టి తల అడ్డంగా ఊపితే, చిన్నతాత “సరేలే” అని నా వీపు నిమిరాడు. తిరిగి వస్తుంటే బస్సులో పక్కసీటాయన ఏం చేస్తుంటావు బాబూ అని అడిగాడు. నర్సునండీ అన్నాను. సబ్బు నురగ చేతులతో పెద్దమనిషి చంకలో ఇరుక్కుని ‘బతికే ఉన్నాడండీ’ అని అరిచిన ఆ తెల్లచొక్కా కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి మాటే ఇంకొక్కసారి నిజమై ఉంటే బాగుండునని కిటికీ వైపు తిరిగి నాలో నేను నవ్వుకున్నాను.