రోమ్ రాజు గొడుగు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం తింటున్నప్పుడు కదులుతుంది. మిల్లులో హాజరు పట్టీ రాస్తున్నప్పుడు కదులుతుంది. ఎవరైనా నా చేతిరాతను మెచ్చుకున్నప్పుడు మరీ ఎక్కువ. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది రాజపాళయం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. తెలుగు అక్షరాలు మాలో దాదాపు ఎవరికీ రావు. ఉత్తరం రాయాలంటే తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో, మా మాటలో ఎళుత్తుల్లో, రాసుకుంటాం. ఆ అక్షరాల్లో క అన్నా గ అన్నా ఒకటే. త, ద ఒకటే. తాత అని రాసినా దాత అని రాసినా కాగితం మీద తేడా ఉండదు. చదివేవాడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. మాకు అది ఇబ్బందే కాదు. మనవాడు రాసింది మనవాడే కదా చదివేది.

నాకు మాత్రం తెలుగు అక్షరాలు వచ్చు. మిల్లువాళ్లు పత్తి కొనుగోలుకు నన్ను రెండేళ్లు గుంటూరులో ఉంచారు. బస్సుల మీది పేర్లు, అంగళ్ల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అక్కడ నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. "వచ్చినానండీ" అంటే చాలు, ఒక పత్తి దళారి అదే మాటను నా వెనక సాగదీసి అనేవాడు. అతని ఎడమచేతికి ఆరు వేళ్లు. అతని ముఖం మరిచిపోయాను, ఆ గొంతు మరవలేదు. అలాంటివి నేను మరవను. ఆ నవ్వు ఎక్కడ తగులుతుందో నాకు బాగా తెలుసు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

గుంటూరు స్టేషను దగ్గర పాత పుస్తకాల కుప్పలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రోమును ఏలిన చక్రవర్తుల చరిత్ర. అందులో ఒకాయన మీదికి నా మనసు పోయింది. రాజై ఉండి తత్వం పట్టుకున్నవాడు. చిన్నప్పుడే తండ్రి పోతే తాత దగ్గర పెరిగాడు. చక్రవర్తి కాబోతున్నవాడు అతన్ని దత్తు తీసుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు సింహాసనాన్ని ఒక్కడే ఉంచుకోకుండా, తనతోపాటు దత్తుకు వచ్చిన తమ్ముడితో పంచుకున్నాడు. ఎవరూ అడగకుండానే. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనిషికి అది ఎలా చేతనవుతుంది? నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఊరికి వచ్చాక ఆ పుస్తకాన్ని మా బావకు ఇచ్చాను. మా అక్క భర్త, నారాయణరాజా. హైస్కూల్లో చరిత్ర వాధ్యారు. మా నాన్న ఏ సంగతైనా ఆయన్నే అడిగేవాడు. నా పెళ్లి సంబంధం కూడా ముందు ఆయనతో మాట్లాడి తర్వాత నాకు చెప్పారు. అయినా పుస్తకం ఇచ్చాను. చదివి, ఇతను నువ్వు కనిపెట్టిన మనిషి అంటాడనుకున్నాను.

బావ నాలుగు రోజుల్లో చదివేశాడు. ఆ శుక్రవారం సాయంత్రం చావడిలో పదిమంది ముందు కూర్చుని ఆయన కథ చెప్పాడు. చక్రవర్తి పేరు మా నోళ్లలో తిరగలేదు, రోమ్ రాజు అన్నాం. మాలో తెగలకు కోట్టెలని పేరు. వరసకు మామ అయ్యే ఒక పెద్దాయన గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"ఏమప్పా, ఈ రోమ్ రాజు ఏ కోట్టెవాడు?"

"మన కోట్టె కాదు మామా," అన్నాడు బావ. "అయినా గుణం మంచిది. మీ మనవరాలిని ఇయ్యొచ్చు."

చావడి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. బావ యుద్ధం చెప్పాడు, సైనికులు మోసుకొచ్చిన మహమ్మారి చెప్పాడు. నది ఒడ్డున గుడారంలో కూర్చుని ఆ రాజు ఎవరికీ చూపించడానికి కాకుండా తనకు తానే బుద్ధి చెప్పుకుంటూ రాసుకున్న రాతల గురించి చెప్పాడు. అందరూ కదలకుండా విన్నారు. పుస్తకం ఎవరిదో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను ఆయనకు మూడడుగుల దూరంలోనే కూర్చున్నాను. ఇది సాకు కాదు. అయినా చెప్పాలి. ఈనాటికీ ఆయన ఆ మాట చెప్పలేదు.

ఆ మరుసటి ఏడు అక్కకొడుకు పోయాడు. నాలుగేళ్లవాడు. అమ్మవారు పోసింది, తొమ్మిదో రోజుకు పోయాడు. బావ పదిహేను రోజులు బడికి పోలేదు. తర్వాత ఒక నోటుబుక్కు తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. రోమ్ రాజు చరిత్ర. మా తెలుగులో, తమిళ అక్షరాల్లో. ఆ రాజుకు పుట్టిన బిడ్డల్లో చాలామంది పసితనంలోనే పోయారు. బావకు ఇప్పుడు కావలసింది ఆ సంగతే. యుద్ధాలు నాలుగు వాక్యాల్లో ముగించి, పిల్లలు పోయిన తండ్రి పొద్దున లేచి మళ్లీ కొలువుకు ఎలా వచ్చాడో పేజీలకు పేజీలు రాశాడు. చివర, బతికి మిగిలిన కొడుకుకే రాజ్యం ఇచ్చి ఆయన ఎలా తప్పు చేశాడో కూడా రాశాడు. ఆ కొడుకు అన్నిటినీ పాడుచేశాడు. అయినా ఆ తండ్రిని తప్పు పట్టలేనని బావ రాసుకున్నాడు.

ఆంధ్ర వేరే రాష్ట్రమైన కొత్తలు అవి. మద్రాసు నుంచి వచ్చే ఒక తెలుగు పత్రికకు దాన్ని పంపాలని బావకు ఆశ పుట్టింది. తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాయమని నాకు ఇచ్చాడు. చదివాను. బాగుంది. నేను వంద జన్మలకు రాయలేనంత బాగుంది. నేను కనిపెట్టిన మనిషిని నా చేతే, తన పేరుతో రాయించుకుంటున్నాడు.

కొడుకు అన్న మాట అందులో ఐదుచోట్ల వచ్చింది. మా రాతలో కొడుకు, గొడుగు రెండూ ఒకే అక్షరాలు. మొదటిచోట నా చెయ్యి గొడుగు అని రాసింది. పొరపాటే. పొరపాటేనా? చూశాను. కొట్టేసి దిద్దాలనుకున్నాను. దిద్దలేదు. మిగతా నాలుగుచోట్లా గొడుగు అనే రాశాను, నింపాదిగా, గుండ్రంగా, నా మంచి చేతిరాతలో. ఆ పత్రికలో కూర్చున్నవాళ్లు ఎలా నవ్వుతారో నాకు ముందే వినిపించింది. గుంటూరులో విన్న నవ్వే. అది నా ఒక్కడికే ఎందుకు రావాలి? ఆయనకు కూడా ఒకసారి తగలనీ అనుకున్నాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. బావకు తెలుగు చదవడం రాదు కదా. కవరు విప్పకుండానే చావడికి తెచ్చి, అందరి ముందు నా చేతికిచ్చాడు. పైకి చదవమన్నాడు. రెండే వాక్యాలు. గొడుగు పోయినందుకు వలవల ఏడ్చిన చక్రవర్తి కథ మా కార్యాలయంలో అందరినీ నవ్వించింది, ఇకమీద హాస్యరచన పంపితే పైన ఆ సంగతి రాయవలసింది అని. నేను ఆపేయొచ్చు. తిరిగి పంపించినారు బావా అని మడిచి జేబులో పెట్టుకోవచ్చు. చివరిదాకా చదివాను. గొంతు వణకలేదు కూడా.

మొదట మామ నవ్వాడు. తర్వాత అందరూ. మర్నాటికి బావ పేరు గొడుగు రాజా అయింది. బడిపిల్లలు కూడా అన్నారు. రుబ్బురోలు దగ్గర కూర్చుని అక్క మా అమ్మతో అన్న మాట నా చెవిన పడింది. "నా కొడుకును గొడుగు చేసినారమ్మా."

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే బావ అడిగాడు.

"బామ్మర్దీ, నేను కొడుకనే కదా రాసినాను?"

"మన ఎళుత్తులో రెండూ ఒకటే కదా బావా. నాకెట్ల తెలుస్తుంది?"

ఆయన ఆగాడు. నా వైపు చూస్తాడేమోనని భయపడ్డాను. చూడలేదు.

"ఆమా. నీకెట్ల తెలుస్తుంది. ఆ ఎళుత్తు నేర్చుకోకపోయింది నా తప్పు. పావం, నిన్ను గూడా అందరి ముందర నిలబెట్టి చదివించినాను."

నాకెట్ల తెలుస్తుంది అన్నాను. ఆ పిల్లవాడి మీద నేనూ మూడు పిడికిళ్ల మన్ను వేశాను. నాకు తెలియదా?

బావ మళ్లీ రాయలేదు. చావడికి రావడం మానేశాడు. బడిలో రోమ్ పాఠం వస్తే తేదీలు చెప్పి ముగిస్తాడట. ఒక శుక్రవారం నేనే రోమ్ రాజు కథ చెప్పాను. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన చోటు. సగంలోనే ఇద్దరు లేచి బీడీలకు పోయారు, మామ కునికాడు. అప్పుడు కూడా నాకు బావ మీదే కోపం వచ్చింది.

ఈమధ్య ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. ఆ రాజు గుడారంలో రాసుకున్న రాతలు మనదాకా ఎలా వచ్చాయి? అప్పుడు అచ్చు లేదు. ఆయన పోయాక ఎవడో ఒకడు ఎత్తి రాశాడు. దాన్ని చూసి ఇంకొకడు. పేరు తెలియని చేతులు, వందల ఏళ్లు. వాళ్లకీ బావలు ఉండే ఉంటారు. వాళ్ల పుస్తకాలూ ఎవరో తీసుకునే ఉంటారు, వాళ్లనీ ఎవరూ మెచ్చుకుని ఉండరు. అయినా ఉన్నది ఉన్నట్టు రాశారు. ఇప్పుడు నా అసూయ బావ మీద కాదు, ఆ చేతుల మీద. నా చేతి దగ్గరికి ఒక్క మనిషి దుఃఖం వచ్చింది. దాన్ని దాటనివ్వలేదు.

బావ రెండు వీధుల అవతలే ఉన్నాడు. ఎన్నోసార్లు గడపదాకా పోయి, మిల్లు కబుర్లు చెప్పి వచ్చాను. ఆయనకు చెబితే క్షమిస్తాడు. అదే నేను భరించలేనిది. క్షమిస్తే మళ్లీ ఆయనే పెద్దవాడవుతాడు.

ఇది తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మా ఇంట్లో గానీ, ఆయన ఇంట్లో గానీ దీన్ని చదవగలిగినవాళ్లు లేరు. అది తెలిసే రాస్తున్నాను. ఆ దొంగతనం కూడా మీ దగ్గర దాచలేదు. తెలిసే రాశాను, అప్పుడూ ఇప్పుడూ. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి పన్నెండేళ్లు పట్టింది. పెట్టాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.