దవడ పన్నుకు పాలసీ

మా వైపు బీమా పాలసీ తీసుకోవడమంటే చుట్టరికం నిలుపుకోవడం. ఏజెంటు కొత్తవాడైతే వాకిట్లోంచే పంపేస్తాం, మనవాడైతే భోజనం పెట్టి మరీ సంతకం పెడతాం. నేను జమ్మలమడుగులో లెక్కల మాస్టరును. పులివెందులలో ఉండే మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, ఆరోగ్య బీమా ఏజెంటు కాగానే అతని మొదటి గిరాకీ ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

అప్పటికే నా కుడి దవడ పన్ను చన్నీళ్లు తగిలితే జివ్వుమంటోంది. ఆ మాట వినగానే అతని ముఖం వెలిగిపోయింది.

"మామూలు పాలసీలో పండ్లు రావు బావా. దీంట్లో పండ్లకు గూడా ఉంది. రూట్ కెనాల్ చేపిచ్చుకున్నా, పీకిచ్చుకున్నా వాళ్లే ఇస్తారు."

కాగితాలన్నీ నేనే చదివాను. పంటి వైద్యానికి మాత్రం ఆరు నెలలు ఆగాలని స్పష్టంగానే ఉంది. అదేమిటని అడిగాను.

"ఆర్నెల్లెంతసేపు బావా, కండ్లు మూసి తెరిసేలోపల అయిపోతాది" అన్నాడు.

పన్ను అతనిది కాదు కదా. సంతకం పెట్టాను.

కొన్నాళ్లకే నొప్పి చెవిలోకి పాకింది. ప్రొద్దుటూరు పోయి సొంత ఖర్చుతో చూపించుకుంటానంటే నా భార్య ముఖం మాడ్చుకుంది.

"పాలసీ కట్టి, మళ్లా చేతి దుడ్లు పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? మా తమ్ముడు నిన్ను మోసం చేసినాడనే గదా? వాడు ఇప్పుడిప్పుడే నాలుగిండ్లు తిరుగుతాండాడు."

పన్ను నాదే, నోరూ నాదే. డాక్టరు ముందు తెరవడానికి మాత్రం అత్తగారింటి పరువు అడ్డం. ఒళ్లు మండిపోయింది. అయినా ఆగాను.

ఆ రోజుల్లో నన్ను బతికించింది రాగిసంగటి. సంగటిని మేం నమలం, ముద్ద చేసి పులుసులో ముంచి మింగుతాం. పొద్దునా సాయంత్రం అదే తిన్నాను. మధ్యాహ్నం బడికీ అదే తీసుకుపోతుంటే తోటి మాస్టరు, "ఏంది సార్, షుగరొచ్చిందా?" అని అడిగాడు. అవునని తలూపాను. దానికైతే ఎవరి పరువూ పోదు.

మధ్యలో పులివెందులలో వాళ్ల చుట్టాల పెళ్లి విందు వచ్చింది. బావమరిది నా విస్తట్లో ఇంత మటన్ బొక్క వేసి, బంతిలో అందరికీ వినబడేలా, "కొరుకు బావా! పన్ను పోతే కంపెనీ చూసుకుంటాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చున్నాయన ఆ పాలసీ ఏదో తనకూ చెప్పమన్నాడు. బొక్కను ఎడమవైపు చప్పరిస్తూ నేనూ నవ్వాను. అక్కణ్ణించి లేచి ఎటైనా పారిపోవాలనిపించింది.

గడువు తీరిన మర్నాడే ముగ్గురం ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది.

"ఇన్నాళ్లూ ఏం చేస్తాండారు సార్? నొప్పి మొదలైనప్పుడే వచ్చింటే రూట్ కెనాల్ చేసి పన్ను నిలబెట్టేదాన్ని. కింద ఎముక శానా దెబ్బతినింది. ఇంగ తీసేయాల్సిందే."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. బావమరిది మాత్రం చొరవగా ముందుకొచ్చి, "తీసేదానికి క్లెయిమ్ వస్తాది మేడమ్" అన్నాడు. దాని చోట కొత్త పన్ను పెట్టించుకోవడానికి మాత్రం రాదట.

పన్ను పీకించుకుని, నోట్లో దూది కరిచిపట్టుకుని బయట బల్ల మీద కూర్చున్నాను. అతనికది మొదటి క్లెయిమ్. సంబరం పట్టలేక నా పక్కన చేరి ఫోటో తీసుకున్నాడు, చుట్టాల గ్రూపులో పెట్టడానికి. నా భార్య తమ్ముణ్ణి చూసి మురిసిపోతోంది.

"యేడు తిరగ్గానే మళ్లా కట్టేద్దాం బావా. ఆపినామంటే ఆర్నెల్లు మళ్లా మొదటికొస్తాది" అన్నాడు.

వద్దని గట్టిగా తల అడ్డంగా ఊపాను.

"నొప్పి పుడతాండాదేమోరా, మాట్లాడిచ్చొద్దు" అంది నా భార్య. "కట్టేద్దాంలే."