ఆవాల చుట్టకుదురు

నరసరావుపేటలో రైలుకట్ట అవతల దిక్కులేనివాళ్ల ఆశ్రమం ఒకటుండేది. ముసలివాళ్లూ, మంచం పట్టినవాళ్లూ కలిపి నలభై మంది. వాళ్లకు నీళ్లు పోసి, గుడ్డలు మార్చి, నోటికి ముద్ద అందించే మనిషి అబిదా. మొగుడు పోయి పదేళ్లు. నోరు పెద్దది, చేతుల్లో బలం అంతకన్నా పెద్దది. ఇదీ ఒక పనేనా అని ముక్కు మూసుకునే మహానుభావుల్ని ఒక్క పూట చేసి చూపించమనండి, తెలుస్తుంది.

ఆశ్రమం వెనక ఒక గది ఉంది. పుండ్లు పడి వాసనేసేవాళ్లను అందులోకి మార్చేవాళ్లు. పోయినవాళ్లెవరూ ముందు సావిట్లోకి తిరిగి రాలేదు.

నలభై ఏళ్లు మాచర్ల దారిలో బండి తోలిన వెంకట్రామయ్యకు పక్షవాతం వచ్చి, పడుకుని పడుకుని నడుం కింద రూపాయి బిళ్లంత పుండు పడింది. మేనేజరు గోపాలకృష్ణయ్య చెడ్డవాడు కాదు, ఉత్త పిరికివాడు.

"రెండు నెలల్లో గుంటూరు డాక్టరుగారు వస్తారు అబిదా. అప్పటికీ ఇది మానకపోతే వెనక గదే," అన్నాడు.

ఊరందరినీ బూతులు తిట్టే వెంకట్రామయ్య ఆ మాటతో తిట్టడమే మానేశాడు. మేనేజరు పోయాక అబిదా చెయ్యి పట్టుకున్నాడు. "నన్నా గదిలో పడెయ్యనియ్యబాకమ్మాయ్."

"నేనుండగా ఎవడు పడేస్తాడు బాబాయ్!" అనైతే అనేసింది గానీ, ఎట్లాగో దానికే తెలియదు.

పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతాం కదా. ఎంతసేపున్నా ఒత్తుకోదు, ఆవాలు జారి సర్దుకుంటాయి. పక్కింటి బాలింతను చూసినప్పుడు అబిదాకు అదే తట్టింది. దాన్నే నెత్తిన బిందె కింద పెట్టుకునే చుట్టకుదురులా కుడితే, పుండు నడిమి ఖాళీలో ఉంటుంది, దేనికీ తగలదు! పరుగున పోయి మేనేజరును రెండు మానికల ఆవాలు అడిగింది.

"మతుండే మాట్లాడుతున్నావా? యుద్ధం రోజులు, పోపుకే లేవు. ముసలాడి నడుం కింద పరుస్తావా?"

సావిట్లోంచి జాన్ సాహెబ్ గొంతు లేచింది. చూపు పోయిన మనిషి, చెవులు మాత్రం పాము చెవులు. "పోపు లేకపోతే చస్తామా ఏంది? డాక్టరొచ్చేదాకా నా పప్పులో ఆవాలెయ్యబాకండి!"

నాకూ వద్దు, నాకూ వద్దు అంటూ సావిడంతా అందుకుంది. మేనేజరు ఆవాలు కొలిచిచ్చాక అబిదా చుట్టకుదురు కుట్టి ముసలాయన నడుం కింద పెట్టింది. ఆ రెండు నెలలూ నలభై మందీ చప్పిడి పప్పే తిన్నారు. "నాలుక చచ్చిపోయిందే అబిదా" అని గొణిగారు కూడా, అబద్ధమెందుకు?

అజాన్ వినపడితే కుడి పక్కకు, రైలు కూసినా బడి గంట కొట్టినా ఎడమ పక్కకు, రోజూ ముసలాయన్ని తిప్పేది. అది వంటింట్లో ఉంటే మంచాల మీంచి కేకలు: "ఒసేయ్, బండొచ్చింది! మావాణ్ణి తిప్పు!" వేపాకు నీళ్లతో కడగడం, పాత చీర గుడ్డ ఉడకేసి ఆరేసి కట్టడం. పన్నెండో రోజు చచ్చిన కండ ఊడి పుండు ఇంకా పెద్దదయింది. మేనేజరు పెదవి విరిచి వెళ్లిపోయాడు. అబిదా బావి గట్టున కూర్చుని వలవలా ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, అజాన్ వేళకు మళ్లీ వచ్చి తిప్పింది.

రెండు నెలలకు డాక్టరు వచ్చాడు. కట్టు విప్పి, వేలితో నొక్కి చూశాడు. గులాబి రంగు కొత్త చర్మం, గట్టిగా ఉంది.

"పెద్దాసుపత్రిలోనే ఇట్లా మానడం చానా అరుదు. ఎవరు చేశారు?"

"మా ఆశ్రమం పద్ధతండీ," అన్నాడు గోపాలకృష్ణయ్య, చేతులు నలుపుకుంటూ.

"నీ మొహం పద్ధతి!" వెంకట్రామయ్య రెండు నెలల తిట్లూ కలిపి ఒక్కసారి గర్జించాడు. "అబిదా చేసింది! మా అమ్మాయి చేసింది!"

సావిడంతా ఈలలూ, చప్పట్లూ. లేవగలిగినవాళ్లు లేచి నిలబడ్డారు. డాక్టరు కూడా నవ్వుతూ అబిదా కోసం చూశాడు.

అబిదా అక్కడ లేదు. వెనక గది గడియ తీసిన చప్పుడైంది. మూడు నెలలుగా అందులో ఒంటరిగా పడున్న వరలక్ష్మమ్మను రెండు చేతుల మీదా ఎత్తుకుని, డాక్టరు ముందు నుంచే నడిచొచ్చింది.

"జరగండి మేనేజరుగారూ, పిన్నికి మంచం కావాలి."

గోపాలకృష్ణయ్య పక్కకు జరిగాడు. ఖాళీ మంచం ఒకటి ముందుకు లాగి, తనే దుప్పటి పరిచాడు.