ధూపం తిరిగాక

నా భార్య తుఫూల్ స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్లు మా ఊరు సలాలాలో తక్కువ. కాఫీ పోస్తూ తలుపు వైపు చూసేది. ఖర్జూరాల పళ్లెం సగం కాకముందే లేచి నిప్పులు రాజేసేది. మా దగ్గర సాంబ్రాణి ధూపం గదంతా తిరిగిందంటే చుట్టాలు చెప్పులు వెతుక్కోవాలి; ఆపైన కూర్చోవడం మర్యాద కాదు.

"మీ ఇంట్లో కాఫీ చల్లారకముందే గడ్డాలకు పొగ పడుతుంది" అని నా స్నేహితులు ఏడిపించేవారు.

"పనీపాటా లేనివాళ్లకి కుదురుతుంది కూర్చోవడం" అనేది తుఫూల్. నిద్రలోనూ ఆమె పాదాలు కదులుతూ ఉండేవి.

తన తమ్ముడు బఖీత్‌తో మాటలు పోయాక ఆ అలజడి మరీ ముదిరింది. తండ్రి వదిలి వెళ్లిన సాంబ్రాణి చెట్లను అతను పరాయివాళ్లకు అప్పజెప్పాడు. వాళ్లు బంక కోసం ఆశపడి, గాటు మానకముందే మళ్లీ గాటు పెట్టారు. చెట్లు నిలువునా ఎండిపోయాయి. "నాన్నని రెండోసారి చంపావురా" అందామె. బఖీత్ ఎక్కడో దూరాన నిజ్వాలో అత్తవారి ఖర్జూరపు తోటకు వెళ్లిపోయాడు.

ఏళ్ల తర్వాత ఒక తుంపర రోజున, వస్తున్నానని కబురు చేశాడు. తుఫూల్ పొద్దుటి నుంచి దిండ్లు మార్చిందే మార్చింది. పొయ్యి మీద మేకమాంసం, అన్నం.

"రాత్రికి వాణ్ణి ఉంచెయ్యాలి. నా చేతి అన్నం తిన్నాడంటే కోపం పోయినట్టే. నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, నాకు నోరు పెగలదు" అంది.

అతను బుట్టెడు మేలురకం ఖలాస్ ఖర్జూరాలతో వచ్చాడు. వాన గురించి చెప్పాడు, తోట గురించి చెప్పాడు. చెట్ల మాట ఎవరూ ఎత్తలేదు. నాకూ మాటలు అయిపోయాయి. తుఫూల్ చటుక్కున లేచి లోపలికి వెళ్లింది. అన్నం వడ్డిస్తుందనుకున్నాను.

ఆమెకంటే ముందు పొగ వచ్చింది. అలవాటుపడిన చేతులు వాటి పని అవి చేసేశాయి.

బఖీత్ శాలువా సర్దుకుని లేచాడు. "సరే అక్కా, వెళ్లొస్తాను."

ధూపం గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఎక్కడికిరా? కూర్చో! ఇది నీకు కాదు, ఈగలకి. చవకరకం షాబి!"

షాబి పొగ నల్లగా ఉంటుంది, గొంతులో గుచ్చుకుంటుంది. గదిలో మాత్రం నిమ్మతొక్క వాసన తేలుతోంది. అది చుట్టాల కోసం దాచుకునే మేలురకం, హోజరి. ఆ చెట్ల కింద పెరిగినవాడికి ఆ తేడా తెలియదా? బఖీత్ గాలి పీల్చి నావైపు చూశాడు.

"ఈగల్ని మరీ గారం చేశారు బావా" అని శాలువా తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి, "అక్కా, ఆ చెట్లు..." అన్నాడు.

"తిన్నాక ఏడుద్దువుగాని."

ఆ రాత్రి ఎంగిలి పళ్లేలు ఎండిపోయేదాకా ఆమె తమ్ముడి పక్కనే కూర్చుంది.

తుఫూల్ పోయి ఇంకా నెల కాలేదు. పరామర్శకు వచ్చిన బఖీత్ మా ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు కుదురు లేనిది నాకు. సాయంత్రమయ్యేసరికి లేస్తాను, నిప్పుల కోసం చెయ్యి చాస్తాను.

"కూర్చో బావా," అంటాడు బఖీత్, "ఈగలేమీ లేవు."