పద్యాల మేడమ్‌కి మాటలొచ్చిన వైనం

విశ్వవిద్యాలయంలో ఆసియా సాహిత్యాల విభాగానికి పై అంతస్తు ఇచ్చారు గానీ, లిఫ్టు అక్కడిదాకా రాదు. చివరి మెట్లు ఆయాసపడుతూ ఎక్కి, జిరాక్సు మిషను పక్కనుంచి ఒళ్ళు ముడుచుకుని దూరితే కనిపించే గది పద్యాల మేడమ్‌ది. ఆ పేరు విద్యార్థులు పెట్టింది. ఆవిడకి తెలుసు. తెలిసీ తెలియనట్టుండటం కూడా ప్రొఫెసర్ ఉద్యోగంలో భాగమేనని ఆవిడ నమ్మకం.

సముద్రం అవతలి ఒక దేశపు ప్రాచీన ప్రేమపద్యాల మీద ఆవిడ పరిశోధన. ఆ పద్యాలన్నిట్లోనూ ఒకావిడ ఎదురుచూస్తూ ఉంటుంది, ఒకాయన రాడు. ఈపాటి సంగతి మీద మేడమ్ రెండు లావుపాటి పుస్తకాలు రాసింది. వాటిని ఆసాంతం చదివింది ప్రూఫులు దిద్దినాయన ఒక్కడే. ఆయన కూడా మధ్యలో కొన్ని పేజీలు ఎగ్గొట్టాడని ఆవిడ అనుమానం. అచ్చుతప్పులన్నీ అక్కడే పోగుపడ్డాయి మరి.

ఒకరోజు డీన్ ఆవిణ్ణి పిలిపించాడు.

"మేడమ్, ఆ దేశం నుంచి పేరున్న కవయిత్రి వస్తున్నారు. వాళ్ళ భాష తప్ప ఇంకోటి రాదట. మీరుండగా మనకేం బెంగ? పక్కనుండి మీరే తర్జుమా చేసి చెప్పాలి."

"నాకు చదవడమే వచ్చు సార్, మాట్లాడటం రాదు" అని అక్కడే అనేస్తే పోయేది. ఆ భాషలో ఆవిడ ఏనాడూ ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఆవిడకి పరిచయమున్న వాళ్ళంతా ఎనిమిది వందల ఏళ్ళ కిందటే పోయారు. కానీ "మీరుండగా" అన్న మాట చెవిన పడేసరికి తల దానంతటదే ఊగింది. "దానికేం భాగ్యం సార్!" అంది నోరు.

కవయిత్రి రానే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పొట్టి జుట్టు, భుజాన బట్టసంచి. విభాగం మెట్ల దగ్గర నిలబడి, మేడమ్ బట్టీపట్టిన స్వాగతవాక్యం వదిలింది. దాన్ని మన భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది: "ఓ విదుషీమణీ! నీ రాకచే మా ప్రాంగణము పావనమయ్యె!"

కవయిత్రి ఉన్నచోటే ఆగిపోయింది. తర్వాత విడివిడిగా, మేడమ్‌కి అందేలా అంది: "మా ముత్తవ్వకి ముత్తవ్వ లేచొచ్చి పలకరించినట్టుందమ్మా." నవ్వబోయి, ఠక్కున ఆగి, చెంపకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. చెంపకి చెయ్యి! రెండో పుస్తకంలో ఒక అధ్యాయం అధ్యాయమంతా దాని మీదే రాసింది. చెక్కిట చెయ్యి చేర్చిన స్త్రీ విరహంలో ఉన్నట్టే లెక్క. ఇన్నాళ్ళకి ఆ భంగిమ కళ్ళెదుట నిలబడింది. ఆవిడ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి ఓదార్చింది.

"వగవకుము తరుణీ! వానకారుకు మునుపే నీ వల్లభుడు అరుదెంచును."

తరుణి కళ్ళు తెరిచింది. మేడమ్‌ని ఎగాదిగా చూసి, నోరు బార్లా తెరిచి, లోపలి దవడపన్ను వేలితో చూపించింది.

అదృష్టం కొద్దీ మేడమ్ తమ్ముడు పళ్ళ డాక్టరు. టాక్సీలో నేరుగా అక్కడికే తీసుకెళ్ళింది.

"అక్కా, నొప్పి ఎప్పట్నుంచో అడుగు," అన్నాడు తమ్ముడు గ్లవుజులు తొడుక్కుంటూ.

మేడమ్‌కి ఆ భాషలో 'నొప్పి' అన్న మాటే తట్టలేదు. ఆ పద్యాల్లో తాపం ఉంది, వ్యథ ఉంది, వెత ఉంది. ఒంటినొప్పి మాత్రం ఎవరికీ రాలేదు. "ఈ వ్యథ నిన్నెన్నడు ఆవహించెను?" అంది.

కవయిత్రి, పాపం, ఈవిడ దారికే వచ్చింది. తనూ పాతమాటలు ఏరుకుని, "నిన్నటి దినమున, మేఘమాలికల నడుమ" అంది. అంటే విమానంలో.

"వేడి తగిల్తే ఎక్కువవుతోందా, చల్లగా తగిల్తేనా?"

మేడమ్ తడుముకుని తర్జుమా చేసింది. "ఎండ సోకిన తాపమా? వెన్నెల సోకిన తాపమా?"

కవయిత్రి ఇక ఆపుకోలేకపోయింది. నోట్లో అద్దం ఉండగానే కుర్చీ అదిరేలా నవ్వింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, ఆవిణ్ణి నవ్వించకు! సూది నా చేతిలో ఉంది. అసలేం అడిగావు?"

"నువ్వడగమన్నదే అడిగాన్రా."

"ఇన్నేళ్ళు చదివావు, పన్ను అన్న మాటైనా వచ్చా నీకు?"

"ఎందుకు రాదు? ముత్యాల వరస అంటారు."

"అయితే ఓ ముత్యం పుచ్చిందని చెప్పు. పీకెయ్యాలి."

చెప్పింది. పీకేశాడు.

దూది కరిచిపట్టుకున్న అతిథిని గదికి చేర్చి ఇంటికెళ్తుంటే మేడమ్‌కి తన అధ్యాయం గుర్తొచ్చింది. ఆ కవులంతా ఆడవాళ్ళ చెంప మీద చెయ్యి చూసి, 'అయ్యో, ఆయన మీద బెంగ' అని రాసుకుపోయారు. ఒక్కడైనా "ఏమైందమ్మా?" అని అడిగాడా? వాళ్ళది సరే, తనైనా అడిగిందా? అడక్కపోగా, ఆ అధ్యాయానికి ప్రమోషన్ కూడా పుచ్చుకుంది.

మర్నాడు సభ. వాచిన చెంపతో కవయిత్రి మైకు ముందు నిలబడి, పద్యాలు పక్కన పెట్టి, ముందు ఈ పంటి కథ ఎత్తుకుంది. మేడమ్‌కి అందేలా నిదానంగా, చేతులతో అభినయిస్తూ మరీ చెబుతోంది. పక్కన నిలబడి తన పరువు తనే వాక్యం వెంట వాక్యం తర్జుమా చేసే భాగ్యం మేడమ్‌కి దక్కింది. వల్లభుడి దగ్గరికొచ్చేసరికి హాలు హాలంతా పొట్ట పట్టుకుంది. తను నోరు విప్పితే జనం నిద్రపోకుండా ఉండటం ఆవిడకి కొత్త. సిగ్గుతో పాటు ఏ మూలో కాస్త సరదాగా కూడా అనిపించింది.

నవ్వులు సద్దుమణిగాక కవయిత్రి మేడమ్ వైపు తిరిగి మెల్లగా ఇంకో మాట అంది. "ఆ పాతమాటలు నేను బళ్ళో పాఠాల్లోనే చదివాను. వాటితో నా బాధ అడిగిన మనిషి నువ్వొక్కదానివే. ఆ కాస్సేపు నొప్పి కూడా గొప్పదనిపించింది."

మేడమ్‌కి ప్రతి మాటా అర్థమైంది. తర్జుమా చెయ్యకుండా మైకు సర్దుతూ నిలబడింది.

"ఏమంటున్నారు మేడమ్?" ముందువరసలోంచి అడిగాడు డీన్.

"చెంప వాపు తగ్గిందంటున్నారు సార్."

కవయిత్రి వెళ్ళిపోయిన వారానికి మేడమ్ అదే భాష మొదటి ఏడాది తరగతిలో చేరింది. పాఠం చెప్పేది ఒకప్పటి ఆవిడ శిష్యురాలే.

"మేడమ్, మీరు బెంచీలో కూర్చుంటే నాకు నోట మాట రావట్లేదు," అంది ఆ అమ్మాయి.

"నాకూ రాకనే కదమ్మా వచ్చింది. నువ్వు కానీ."

బస్సు ఎక్కడాగుతుంది, కూరలెంత, తలుపు కాస్త వెయ్యండి — ఇవీ పాఠాలు. వల్లె వేస్తుంటే నాలుక మాటిమాటికీ రాజాస్థానం వైపు పరిగెత్తేది. మాటల పరీక్షలో బస్సు డ్రైవరుని దారి అడగమంటే, ముందు ఆయన వంశాన్ని ఆశీర్వదించింది. శిష్యురాలు మొహమాటంగా కాగితం చివర రాసిచ్చింది: "ఉచ్చారణ చక్కగా ఉంది. మర్యాద కొంచెం తగ్గించుకోవాలి."

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి గొప్పగా చెప్పింది, పాసయ్యానని.

"మార్కులు అందరికంటే తక్కువా?"

"లేదురా, నా కంటే తక్కువొచ్చినవాడు ఒకడున్నాడు. పరీక్షకి రాలేదు."