ఆమె బదులు నేను వెళ్లాను

పెనుకొండలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసే రోజుల్లో మా ఆఫీసుకు ఒక ఆహ్వానం వచ్చింది. ఇరుగుపొరుగు దేశాల ప్రభుత్వాలు కలిసి నడిపే సంఘం ఒకటి మెట్టసేద్యం మీద పొరుగు దేశంలో సమావేశం పెడుతోంది. కరువు పల్లెల రైతులు వచ్చి, తమ అనుభవం తామే ఒకరికొకరు చెప్పుకోవాలని అందులో రాశారు.

నాకు వెంటనే గోరంట్ల దారిలోని ఒక పల్లెలో సేద్యం చేసే అక్క గుర్తొచ్చింది. మూడెకరాల ఎర్రనేలలో ఆమె తొమ్మిది రకాల విత్తనాలు కలిపి వేసేది. చుట్టూ శెనక్కాయ ఎండిపోయిన ఏడు కూడా ఆమె చేలో కందులో అలసందలో ఎంతో కొంత చేతికొచ్చేవి.

విషయం చెబితే నవ్వింది. "పోతాలేప్పా. ఆడ నేల ఎట్లుండాదో చూడల్ల" అంది.

పాస్‌పోర్టు దగ్గర చిక్కొచ్చింది. ఆధార్‌లో ఒక వయసు, రేషన్ కార్డులో ఇంకొకటి. సరిచేయించడానికి రెండుసార్లు హిందూపురం తీసుకెళ్లాను. రెండోసారి సర్వర్ పనిచేయక, సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చుని తిరిగొచ్చాం. మూడోసారి వెళ్లలేదు. నాకు పాస్‌పోర్టు ఉంది. ఆమె బదులు నేను వస్తానని రాస్తే వాళ్లు ఒప్పుకున్నారు. పేర్లు ఖరారు చేసే గడువు ఇంకా రెండు వారాలుందని ఆమెకు చెప్పలేదు.

"పోనీలే, నువ్వైతే ఇంగ్లీషులో చెప్తావు" అని ఆమే నాకు సర్దిచెప్పింది.

సమావేశంలో ఆమె చేను ఫొటోలు చూపించి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు పొరుగుదేశపు రైతొకాయన లేచి, దుబాసీ ద్వారా అడిగాడు: "వాన నెల ఆలస్యమైతే మీరు ఏ విత్తనం మానేస్తారు?"

నాకు తెలియదు. ఎక్కడో చదివిన నాలుగు ముక్కలు చెప్పాను. ఆయన మర్యాదగా తలూపి కూర్చున్నాడు. టీ వేళ రైతులంతా ఒకచోట చేరి, భాష రాకపోయినా అరచేతుల్లో విత్తనాలు పెట్టుకుని చూపించుకున్నారు. నేను అధికారుల పక్కన నిలబడ్డాను. అంత దూరం నుంచి వాళ్లను ఒకచోటికి చేర్చడం ఎంత పెద్ద పనో, అందులో ఎవరి చోటు నేను తీసుకున్నానో అప్పుడు అర్థమైంది.

తిరిగొచ్చాక ఆమె అడిగింది, "వాళ్లేమడిగిరి?"

చెప్పాను. ఆమె ఆలోచించనైనా లేదు. "శెనక్కాయ పక్కన పెట్టి ఉలవలు చల్లుతాం. అంతా ఒకేసారి కాదు. సగం చల్లి, నేలలో పదును చూసి తక్కింది."

అదే రాసి, ఆ రైతుకు అందజేయమని సంఘం వాళ్లకు మెయిల్ పంపాను. జవాబు రాలేదు. వాళ్ల నివేదికలో మాత్రం నా ఫొటో, నా ప్రసంగం వచ్చాయి.

కొన్నాళ్లకు బస్టాండులో కనబడి, "ఆయప్పకు నా మాట చేరినాదా?" అంది.

"చేరిందక్కా" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. అది చూడలేక నేను బస్సెక్కేశాను.